మహారాజశ్రీ స్నాప్‌షాట్ గారికి

మహారాజశ్రీ స్నాప్‌షాట్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాద్దామంటే, మీకు ‘అక్కడ’ అంటూ వేరే చోటే లేదాయె. వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్, ఒక క్షణాన ఎలా ఉందో పట్టి ఉంచేది మీరు. మీరూ, మీరు కాపాడతారని మేం నమ్ముకున్న ఆ మెషీనూ ఒకే హార్డ్‌డిస్క్ మీద కాపురం. అది పోతే ఇద్దరికీ ఒకే రోజు పెద్దకర్మ.

బాదేపల్లి మార్కెట్‌లో మా సేటు పల్లీల కమీషన్ దుకాణం మీకు తెలిసిందే. తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే సరుకు లెక్కల చీటీలు, రాసే సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీద తప్ప నడవనని మొండికేసింది. అందుకని కొత్త కంప్యూటర్‌లో లినక్స్ వేసి, దాని లోపల ఆ పాత విండోస్‌కు ఓ మెషీన్ తయారుచేశాం. ఆ మెషీన్‌ను నడిపేవి 2007లో లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని గుండెకాయలో, చేరిన కేవీఎం, దానికి తోడు క్యూఎము. వాటిని అజమాయిషీ చేసేవి లిబ్‌వర్ట్, వర్ట్-మేనేజర్. అన్నీ ఓపెన్ సోర్సే, వాటికి పైసా కట్టక్కర్లేదనగానే సేటు అందరికీ చాయ్ చెప్పాడు.

తర్వాత మీరు దర్శనమిచ్చారు. ఆ రోజు నుంచి దుకాణంలో ఎవరికీ టెన్షన్ లేదు. అప్‌డేట్ చేయాలా? స్నాప్‌షాట్ ఉంది. కరెంటు పోయిందా? స్నాప్‌షాట్ ఉంది. ఎలుక ప్రింటర్ వైరు కొరికినప్పుడు కూడా సేటు మిమ్మల్నే తలుచుకున్నాడు.

మీలో ఒక రకం, మెషీన్‌కు డిస్క్‌గా పనిచేసే క్యూకౌ2 ఫైలు లోపలే ఒదిగి ఉంటుంది. ఇంకో రకం పాత ఫైలును కదలకుండా కూర్చోబెట్టి, కొత్త రాతలన్నీ వేరే ఫైలులో రాయిస్తుంది. దాని మీద ఇంకోటి, ఆపైన మరోటి. అచ్చం మన పాలమూరు పిల్లలమర్రే, ఊడలన్నీ మానులై అసలు మాను ఏదో తెలియదు. కాకపోతే చెదలు పట్టిన ఆ మర్రికి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించారు. మీ వరుసలో అడుగు ఫైలు చెడితే పైవన్నీ దండగే, ఎక్కించడానికి ఏ సీసా లేదు.

తిండి కూడా మీకు ఎక్కువే. సీజన్‌లో పల్లీలు పోటెత్తిన రోజే డిస్క్ నిండింది. క్యూఎము మర్యాదస్తుడు. రాసే చోటు లేకపోతే మెషీన్‌ను చంపడు, పాజ్‌లో పెడతాడు. పట్టీ సగంలో ఆగింది, దాని కోసం రైతులు ఎండలో ఆగారు.

మీ అసలు ప్రతాపమంతా రివర్ట్‌లో ఉంది. ఆదివారం తీసిన స్నాప్‌షాట్‌కు బుధవారం వెనక్కి వెళ్తే సాఫ్ట్‌వేర్ బాగుపడుతుంది. సోమ, మంగళవారాల లెక్కలు మాత్రం పుట్టనే లేదు. ఆ రెండు రోజుల్లో సేటు దగ్గర అప్పు రాయించుకున్నవాళ్లకు ఇంత మేలు ఏ దేవుడూ చేసి ఉండడు.

తప్పంతా మీదేనని అనను. అప్‌డేట్‌కు ముందు తీసుకుని, పనయ్యాక తీసేస్తే మీ అంత మంచివాళ్లు లేరు. ‘నేను బ్యాకప్‌ను’ అని మీరు ఏనాడూ చెప్పుకోలేదు కూడా. ఆ బిరుదు ఇచ్చింది మావాళ్లే.

వేరే డిస్క్ ఒకటి కొందాం, రోజూ రాత్రి మెషీన్ కాపీ తీసి ఇంటికి తీసుకెళ్లండి అని సేటుకు చెప్పి చూశాను. ‘స్నాప్‌షాట్ ఉంది గదా, ఇంకెందుకు పైసలు దండగ’ అన్నాడు. ఆయనకు నా మాట మీద కన్నా మీ మీదే గురి. కాబట్టి ఆ ముక్కేదో మీరే చెప్పండి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక అయితే కాస్త వింటాడు.

ఇట్లు,
దుకాణంలో కంప్యూటర్ చూసుకునేవాడు