వరండాలోంచి విన్న వాక్యం

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. పద్నాలుగేళ్లుగా అదే వేళ. డాలస్‌కి ఉత్తరాన ఒక పాత బాప్టిస్టు చర్చిని అద్దెకి తీసుకుని కూడుకుంటున్నాం. వాళ్ల ఆరాధన పదకొండింటికి మొదలై పన్నెండున్నరకి ముగుస్తుంది. ఒంటిగంటకల్లా ఏసీ దానంతటదే ఆగిపోయేలా టైమర్ పెట్టి ఉంటుంది. థర్మోస్టాట్ మీద ప్లాస్టిక్ పెట్టె, ఆ పెట్టెకి తాళం. టెక్సాస్ ఆగస్టు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. రెండో పాట అయ్యేసరికి చంటిపిల్లలు ఏడుపు అందుకుంటారు. ముసలివాళ్లు చేతిలో ఉన్న కాగితంతో విసురుకుంటూ కూర్చుంటారు. ఎన్నిసార్లు అడిగినా కమిటీలో పెడతామన్నారే గానీ ఆ తాళంచెవి మాత్రం మా చేతికి రాలేదు.

ఆ చర్చిలో మంచివాళ్లు లేరని కాదు. మేం చేరిన కొత్తలో, గుమ్మం బయట కుప్పగా పడున్న చెప్పులు చూసి ఒక పెద్దాయన ఆగిపోయారు. దేవుని సన్నిధిలోకి చెప్పులతో వెళ్లం అని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత తన షెడ్డులో స్వయంగా చేసిన చెక్క స్టాండు మోసుకొచ్చి గుమ్మం పక్కన పెట్టారు. ఇప్పటికీ మా చెప్పులు దాని మీదే ఉంటాయి. మనిషికి మనిషి అంత దగ్గరగా వచ్చిన చోట కూడా సంఘానికి సంఘం దూరంగానే ఉండిపోయింది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ దూరమే.

ఈ పత్రిక చదివేవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారని తెలుసు. అయినా ‘ఇవాంజెలికల్’ అన్న మాట టీవీలో వినని తెలుగువాళ్లు అమెరికాలో ఉండరు. మా గుంటూరు వాళ్లకైతే అది చిన్నప్పటి నుంచి తెలిసిన మాట. ఏఈఎల్‌సీ చర్చి బోర్డు మీద ‘ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్’ అని చదువుకుంటూ పెరిగినవాళ్లం. సువార్త అని దానర్థం, అంతే. ఇక్కడికొచ్చాక మాత్రం ఆ మాటకి ఒక రంగు, ఒక పార్టీ అంటుకున్నాయి. 2016 ఎన్నికల్లో తెల్ల ఇవాంజెలికల్స్‌లో నూటికి ఎనభై మంది ట్రంప్‌కే ఓటేశారని ఎగ్జిట్ పోల్స్ చెప్పిన దగ్గర్నుంచి, ఆ మాట వినగానే ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే తెలుగు కుర్రాడికి కూడా ఎర్ర టోపీ పెట్టుకున్న తెల్లాయనే కళ్లముందు మెదులుతాడు. నేనూ ఇవాంజెలికల్‌నే అంటే ఆ అబ్బాయి నమ్మలేదు.

లెక్కలు మరో కథ చెబుతున్నాయి. 2006లో అమెరికా జనాభాలో తెల్ల ఇవాంజెలికల్స్ నూటికి 23 మంది ఉండేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 15కి దిగువకి వచ్చిందని, మతాల మీద సర్వేలు చేసే పీఆర్ఆర్ఐ సంస్థ తేల్చింది. అదే 2020లో, ఏదో ఒక ప్రార్థనా స్థలంలో సభ్యత్వం ఉన్న అమెరికన్లు మొదటిసారి సగం కంటే తగ్గారని గాలప్ సర్వే చెప్పింది. ఖాళీ అవుతున్న ఆ బెంచీల్లో వచ్చి కూర్చుంటున్నది ఎవరు? కొరియన్లు, నైజీరియన్లు, గ్వాటెమాలా వాళ్లు, చైనీయులు, మలయాళీలు, మనం. 1965లో వలస చట్టం మారి ఆసియా, ఆఫ్రికా వాళ్లకి తలుపులు తెరిచినప్పుడు, దానివల్ల అమెరికా చర్చి ముఖం మారుతుందని ఎంతమంది ఊహించి ఉంటారు?

డాలస్ నుంచి ఈశాన్యంగా గంట ప్రయాణంలో ఫ్లాయిడ్ అనే పల్లె ఉంది. చుట్టూ పచ్చిక బీళ్లు, ఆవులు. అక్కడ వందల ఎకరాల్లో రిడీమ్డ్ క్రిస్టియన్ చర్చ్ ఆఫ్ గాడ్ వాళ్ల ఉత్తర అమెరికా కేంద్రం ఉంది. 1952లో నైజీరియాలో చదువు రాని ఒక బోధకుడు మొదలుపెట్టిన సంఘం అది. 1981 నుంచి దాన్ని నడిపిస్తున్న ఎనోక్ అడెబోయే అంతకుముందు యూనివర్సిటీలో గణితం చెప్పేవారు. ఒకప్పుడు అమెరికా మిషనరీలు పెట్టెలు సర్దుకుని ఆఫ్రికా ఓడ ఎక్కేవారు. ఇప్పుడు లేగోస్ సంఘం అమెరికాకి సువార్త చెప్పాలని టెక్సాస్‌లో భూమి కొని కూర్చుంది. లండన్‌లోనూ అంతే. సదర్క్ అనే ఒక్క బరోలో, అంటే నగరంలోని ఒక్క విభాగంలోనే, 240 నల్లజాతి సంఘాలున్నాయని రోహాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు 2013లో లెక్కతేల్చారు. గోదాముల్లో, షాపుల పైఅంతస్తుల్లో, బస్ డిపోల పక్కన పాటలు వినిపిస్తుంటాయి.

ఇక మన సంగతి. మా నాన్నమ్మది ఒంగోలు పక్క పల్లె. 1876లో మొదలైన కరువులో అక్కడి మాదిగ కుటుంబాలు తిండిలేక అల్లాడుతుంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టుకి తీసుకుని వాళ్లకి పని ఇచ్చాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాన్నమ్మ ఆ అంకెని ఇంటి నంబరు చెప్పినంత తేలిగ్గా చెప్పేది. అంతకుముందు, క్లౌని పంపిన ఈ బాప్టిస్టులే తమ నెల్లూరు మిషన్ ఫలించడం లేదు, మూసేద్దాం అని అమెరికాలో ఎన్నోసార్లు తర్జనభర్జన పడ్డారు. 1853లో అలాంటి చర్చ జరుగుతున్నప్పుడే, పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న నెల్లూరు గురించి ఒక కవి ‘ఒంటరి నక్షత్రమా, వెలుగు’ అని పద్యం కట్టాడు. మిషన్‌కి లోన్ స్టార్ అన్న పేరు అప్పుడే పడింది. ఆ మిషన్ నాటిన చెట్టుకి కాసినవాళ్లం ఈరోజు లోన్ స్టార్ అనే ముద్దుపేరున్న రాష్ట్రానికి వచ్చి, బాప్టిస్టు చర్చిలోనే, ఏసీ లేని హాల్లో ‘స్తోత్రం’ అంటున్నాం.

ముఖం మారింది. బల్ల మారలేదు. నా బాధంతా అక్కడే. ప్రభువు భోజనాన్ని మా తెలుగు సంఘాల్లో ‘బల్ల’ అంటాం. బల్లలో చేయి వేయడమంటే ఒకే రొట్టెలో పాలుపంచుకోవడం. పద్నాలుగేళ్లలో ఆ చర్చివాళ్లూ మేమూ కలిసి బల్ల తీసుకున్నది మూడుసార్లు. నేను లెక్కపెట్టుకున్నాను. అద్దె చెక్కు మాత్రం నూట అరవై సార్లకి పైగా చేతులు మారింది.

ముఖం మారినంతలో అన్నీ మారవని మనకంటే ముందే తెలిసొచ్చినవాళ్లున్నారు. విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడి కథ మన తెలుగువాళ్లు, ముఖ్యంగా దళిత క్రైస్తవులు తప్పకుండా తెలుసుకోవాలి. లూసియానాలో బానిసత్వం నుంచి బయటపడిన తల్లిదండ్రులకి పుట్టాడు. ఒక కన్ను పోయింది. 1906 మొదట్లో ఇదే టెక్సాస్‌లో, హ్యూస్టన్‌లో చార్లెస్ పార్హమ్ అనే తెల్ల బోధకుడు బైబిల్ క్లాసులు పెడితే నేర్చుకుందామని వెళ్లాడు. నల్లవాడు తెల్లవాళ్ల మధ్య కూర్చోకూడదు కాబట్టి సేమూర్ బయట నడవాలో కూర్చున్నాడు, మధ్యలో తలుపు కాస్త తెరిచి ఉంచారు. ఆ సందులోంచి వాక్యం విన్నాడు.

మా తాతయ్య ఊరి బడి వరండాలో కూర్చుని, కిటికీలోంచి పంతులుగారి పలక చూసి అక్షరాలు దిద్దాడు. మా ఇంట్లో ఈ కథ తెలియని పిల్ల లేదు. సేమూర్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు తాతయ్యే కనిపించాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నడవాలో కూర్చున్న ఆ మనిషి కొద్ది వారాల్లో లాస్ ఏంజెలెస్ చేరి, అజూసా వీధిలో ఒకప్పుడు చర్చిగా, తర్వాత గుర్రాలశాలగా వాడిన పాత కట్టడాన్ని అద్దెకి తీసుకుని ఆరాధన మొదలుపెట్టాడు. అది మూడేళ్లపాటు వారమంతా సాగింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికన్లు ఒకరి పక్కన ఒకరు మోకరించారు, ఆడవాళ్లు వాక్యం చెప్పారు. ఈనాడు ప్రపంచమంతా ఉన్న కోట్లాది పెంతెకొస్తు విశ్వాసులు, మన కృష్ణా, గోదావరి జిల్లాల పెంతెకొస్తు మందిరాలతో సహా, ఆ గుర్రాలశాలకి ఏదో ఒక దారిన బంధువులే. ఆ ఏడాదే పార్హమ్ వచ్చి చూసి, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అలా కలగలిసిపోవడం సహించలేకపోయాడు. 1914లో ఆర్కన్సాస్‌లోని హాట్ స్ప్రింగ్స్‌లో తెల్ల పెంతెకొస్తు బోధకులు వేరుగా కూడుకుని అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ ఏర్పాటు చేసుకున్నారు. ఎనిమిదేళ్లలోనే బల్ల రెండైపోయింది.

అందుకే, చర్చి వెబ్‌సైటులో నాలుగు రంగుల ముఖాలు పెట్టి ‘మేం మారాం’ అనేవాళ్లని నేను ఇంకో మాట అడుగుతాను: పెద్దల సభలో ఎవరున్నారు? తాళాలు ఎవరి దగ్గరున్నాయి? అమెరికా దక్షిణాది బాప్టిస్టు చర్చిల సమాఖ్య అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1845లో పుట్టింది బానిసలున్నవాళ్లని మిషనరీలుగా పంపొచ్చా లేదా అన్న తగవులో. దానికి క్షమాపణ చెప్పింది 1995లో. మొదటి నల్లజాతి అధ్యక్షుడిగా ఫ్రెడ్ లూటర్‌ని ఎన్నుకున్నది 2012లో. ఈ మార్పు నిజమైనదే, నేను కాదనను. కొరియన్ అమెరికన్ అయిన వాల్టర్ కిమ్ 2020 నుంచి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఇవాంజెలికల్స్‌కి అధ్యక్షుడిగా ఉండటం కూడా నాకు సంతోషమే.

అయితే అసలు పరీక్ష 2025లో వచ్చింది. చర్చిల్లో, బడుల్లో వలస అధికారులు అరెస్టులు చేయకూడదన్న కట్టుబాటుని ఆ జనవరిలో ప్రభుత్వం ఎత్తేసింది. దేశంనుంచి పంపించేసే ప్రమాదం ఉన్నవాళ్లలో అయిదుగురికి నలుగురు క్రైస్తవులేనని ఆ ఏడాదే ఇవాంజెలికల్, కేథలిక్ సంస్థలు కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. అంటే తలుపు తట్టేది సొంత అన్నదమ్ముల ఇంటినే. ‘మా విశ్వాసం పెరుగుతోంది’ అని వలసవాళ్ల తలలు లెక్కపెట్టి చూపించుకుంటూ, ఆ తలల మీద కత్తి వేలాడుతున్నప్పుడు మౌనంగా ఉండటం నాకు మింగుడుపడదు. ఈ విషయంలో గట్టిగా మాట్లాడిన తెల్ల పాస్టర్లున్నారు. సరిపోయేంతమంది లేరు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. పన్నెండు వందలమందిలో ఆసియావాళ్లు ఇరవైమందికి మించలేదు. వాళ్లలో ఒకరు అజరయ్య గారు. తిరునెల్వేలి తమిళుడు. మన దోర్నకల్‌లో పనిచేస్తూ, 1912లో అక్కడే బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆ సభలో ఆయన లేచి, మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు ప్రేమ ఇవ్వండి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. నూరేళ్లు దాటింది. ప్రపంచ క్రైస్తవుల్లో మూడింట రెండొంతులమంది ఇప్పుడు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోనే ఉన్నారు. అజరయ్య గారు అడిగింది మాత్రం ఇంకా బాకీగానే ఉంది.

తెల్లవాళ్లకి ఇన్ని చెప్పాక మన ఇల్లు చూసుకోకపోతే తప్పవుతుంది. ఈ మహానగరంలో ఉన్న తెలుగు సంఘాలు ఎందుకు విడిపోయాయని ఎవర్నడిగినా సిద్ధాంతం పేరు చెబుతారు. కాస్త లోపలికి వెళ్తే జిల్లా తగులుతుంది, ఇంకాస్త వెళ్తే కులం. బల్ల దగ్గర ‘అందరం ఒక్కటే శరీరం’ అని చదివిన నోటితోనే సంబంధాల దగ్గర ‘మీరేమిట్లు?’ అని అడుగుతాం. మా పెద్దమ్మాయి పన్నెండో తరగతి నుంచి ఇంకో చర్చికి వెళ్తోంది. అన్ని జాతుల పిల్లలూ ఉండే పెద్ద చర్చి, బ్యాండు, లైట్లు. పాటల కోసమే అనుకున్నాను. ఒకరోజు కారులో, “నాన్నా, అక్కడ నన్నెవరూ మీది ఏ ఊరు, మీరెవరు అని అడగరు” అంది. కొరియన్ సంఘాలకి ఈ నొప్పి 1990ల్లోనే తెలిసింది. ఇక్కడ పుట్టిన పిల్లలు చప్పుడు చేయకుండా వెళ్లిపోవడాన్ని వాళ్లు ‘నిశ్శబ్ద నిష్క్రమణ’ అన్నారు. భాష ఒక్కటే కారణమని మన పెద్దలు సర్దిచెప్పుకుంటున్నారు. నేను ఒప్పుకోను.

ఈ మార్చిలో ఆ బాప్టిస్టు చర్చి పెద్దలు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. ఇప్పుడు వాళ్ల ఆరాధనకి వచ్చేది నలభైమంది, అందులో డెబ్బై దాటనివాళ్లు కొద్దిమంది. భవనం మోయలేకపోతున్నారు. మీరు తీసుకుంటారా, మేం మీతో కలిసి ఉండిపోవచ్చా అని అడిగారు. అడిగింది చెప్పుల స్టాండు చేసిన ఆ పెద్దాయనే. గొంతు వణికింది. ఆ గోడల మధ్యే ఆయన పెళ్లయింది, భార్య అంత్యక్రియలూ అక్కడే జరిగాయి. నాకు ఆ క్షణంలో థర్మోస్టాట్ గుర్తు రాలేదు.

మేం ఇంకా జవాబివ్వకముందే ఒక స్పానిష్ సంఘం పాస్టర్ వచ్చారు. గ్వాటెమాలా కుటుంబాలు, ముప్పైమంది దాకా ఉంటారు. ఆదివారం సాయంత్రం హాలు అద్దెకి కావాలన్నారు. మా పెద్దల కూటమిలో చర్చ మొదలైంది. “వంటగది ఇవ్వొద్దు, వాసనొస్తుంది” అని ఒకరన్నారు. “బాత్రూములు వాళ్లే కడుక్కోవాలి, ముందే రాయించుకోవాలి” అని ఇంకొకరు. ఏసీ కరెంటు ఖర్చు విడిగా తీసుకోవాలని మరొకరు. అన్నీ మేం విన్న మాటలే, ఇప్పుడు తెలుగులో.

నేను ఆ రోజే లేచి చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. ఆ సంఘం నుంచి ఇద్దరు, పాత చర్చి నుంచి ఇద్దరు మన పెద్దల సభలో కూర్చోవాలి. నెల మొదటి ఆదివారం మూడు భాషల్లో ఒకటే బల్ల జరగాలి. వంటగది అందరిదీ. కొందరు తలూపారు, కొందరు నేలవైపు చూశారు. వచ్చే నెల రెండో ఆదివారం ఓటు. ఆ పాస్టర్ గారు ప్రతి బుధవారం ఫోన్ చేసి, జవాబు సంగతి ఎత్తకుండా, మా పిల్లలు ఎలా ఉన్నారని అడుగుతున్నారు.