అంత ఇష్టంగా ఇచ్చారా నగలు?

రూ.2 లక్షల లోపు పంట రుణానికి తాకట్టు అడగకూడదు. రిజర్వు బ్యాంకు పెట్టిన ఈ నిబంధన 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు పరిమితి రూ.1.6 లక్షలు. మరి ఉభాల (వరినాట్ల) వేళ శ్రీకాకుళం జిల్లాలో బ్యాంకు గడప తొక్కిన చిన్న రైతుకు ఎదురవుతున్న మొదటి ప్రశ్న ఏమిటి? 'ఇంట్లో బంగారం ఏమైనా ఉందా?'

రైతు తనంతట తాను బంగారం, వెండి కుదువ పెడితే అది ఉల్లంఘన కాదని అదే ఏడాది జులైలో రిజర్వు బ్యాంకు వివరణ ఇచ్చింది. సందు దొరికింది. ఇంకేం, బంగారం నాణ్యత చూసే అప్రైజర్ మెడలోని నానుతాడును గీటురాయి మీద గీసి, రాళ్లూ లక్కా తీసేసి తూకం వేస్తాడు. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నానని కాగితం మీద ఒక సంతకం. ఎరువుల కోసం పరుగులు పెట్టేవాడు ఆ కాగితం చదువుతాడా?

కౌలు రైతు పరిస్థితి మరీ అన్యాయం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం భూయజమాని సంతకం పెట్టందే, కౌలుదారుగా బ్యాంకుకు చూపాల్సిన సాగు హక్కు కార్డు రాదు. ఆయన పెట్టడు. అక్కడ రాని సంతకానికి బదులుగా ఇక్కడ ఇంటి ఇల్లాలి మెడలోది తీయించి 'ఇష్టం' అని రాయించుకుంటున్నారు. పైగా కిసాన్ క్రెడిట్ కార్డు మీద రూ.3 లక్షల వరకు 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే వడ్డీ. ఆ కిసాన్ కార్డు లేకుండా తీసుకునే బంగారం అప్పుకు ఆ రాయితీ లేదు. నగ పోయె, రాయితీ పోయె.

బకాయిలు పేరుకుపోతే డిపాజిటర్లకు ఎవరు జవాబు చెప్పాలని బ్యాంకర్లు అంటారు. ఆ లెక్కలన్నీ వేసుకున్నాకే కదా రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టింది!

మా భయం ఒక్కటే. ఈ 'ఇష్టం' ఇక్కడితో ఆగదు. రూ.10 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వాల్సిన డ్వాక్రా అప్పుకూ, ఆ తర్వాత చిరు వ్యాపారులకిచ్చే ముద్ర రుణానికీ రేపు ఇదే ఇష్టం అడుగుతారు. నిబంధన కాగితం మీదే ఉంటుంది, నగలు లాకర్లో ఉంటాయి.

జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో పంట రుణాల లక్ష్యం ఇంత శాతం చేరామని గొప్పగా చదువుతారు. అందులో బంగారం మీద ఇచ్చినవెన్నో విడిగా చెప్పమని కలెక్టర్ గట్టిగా అడగాలి. రూ.2 లక్షల లోపు అప్పుల్లో ఎన్నింటికి నగలు తీసుకున్నారో శాఖలవారీగా బయటపెట్టండి. అంతమంది రైతులు అంత ఇష్టపడి ఆడవాళ్ల మెడలోవి తెచ్చి మీ బల్ల మీద పెట్టారని సంతకం చేసి చెప్పండి. ఈసారి ఆ సంతకం మీరు పెట్టండి.