మత్తు సూది తగిలాకే అసలు పని
అంతరించిపోతున్న, జింకల్లాంటి యాంటిలోప్‌లను కాపాడే వైద్యుడికి మత్తు సూది గురి కుదిరితే చాలన్నట్టు ఒక వ్యాసంలో రాశారు, ఒప్పుకోలేను. మత్తు సూది తగిలి జంతువు పడ్డాకే అసలు పని. పక్కకు ఒరగనివ్వకుండా రొమ్ము మీద కూర్చోబెట్టాలి. తల ఎత్తి పట్టుకుని మూతి కిందికి వంచాలి, లేకపోతే పొట్టలోని మేత నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కళ్లకు గంతలు తప్పవు. ఐదు నిమిషాలకోసారి ఒంటి వేడి చూడాలి. 41 డిగ్రీలు దాటితే నీళ్లు పోసి, ఆలస్యం చేయకుండా మత్తుకు విరుగుడు ఇచ్చేయాలి. ఎక్కువసేపు తరిమితే కండరాలు దెబ్బతింటాయి, లేచి పరుగెత్తిన జంతువు కూడా కొన్ని రోజులకు చచ్చిపోవచ్చు. 2016లో ఆఫ్రికా దేశమైన చాద్‌లో సిమిటార్ ఓరిక్స్ అనే యాంటిలోప్‌లను మళ్లీ ప్రకృతిలోకి వదలగలిగారంటే, దగ్గరి రక్తసంబంధం ఉన్నవి జతకట్టకుండా దశాబ్దాలుగా జూల్లో ఏ పిల్ల ఏ జంటకు పుట్టిందో రాసిపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టే. వ్యాసంలో వాళ్ల ఊసే లేదు.