తిన్నాక నిద్రొస్తే టెస్టోస్టెరాన్ తగ్గినట్టేనట!

ఇందాక మా మరిది మా ఆయన ఫోనుకి ఒక క్విజ్ పంపాడు. పది ప్రశ్నలు. రాత్రి తిన్నాక నిద్ర ముంచుకొస్తోందా? చిరాకుగా ఉంటోందా? ఓపిక తగ్గిందా? ఈయన వరసపెట్టి అవును, అవును అని నొక్కుకుంటూ పోయారు. ఇంకేముంది, "మీకు టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంది" అని తీర్పు వచ్చేసింది. దాని కిందే ఆ హార్మోన్ ఉన్న, ఒంటికి రాసుకునే జెల్ కొనుక్కునే బటన్! తిన్నాక నిద్ర రాని మగాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, ఆ జెల్ నేనే కొనిస్తా.

ఇల్లంతా సంతాప సభే. "అందుకేనా నాన్నా ఇలా నీరసపడిపోతున్నావు" అని అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తే ఎవరైనా నీరసపడతారు అత్తయ్యా!

మగవాళ్లలో ఈ హార్మోన్ నడివయసు నుంచి ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుంది. దాన్ని వయసు అంటారు. నిజంగా లోపం ఉందో లేదో తేల్చాలంటే లక్షణాలుండాలి, పొద్దున్నే రక్తం తీసి చూడాలి, అదీ వేర్వేరు రోజుల్లో రెండుసార్లు. అమెరికా యూరాలజిస్టులు పెట్టుకున్న గీత రక్తంలో డెసిలీటరుకు 300 నానోగ్రాములు, అంతకు తగ్గితేనే తక్కువన్న లెక్క. ఇందులో క్విజ్ ఎక్కడుంది? పొట్ట, షుగరు, నిద్రలో ఊపిరి ఆగిపోయే గురక కూడా ఆ హార్మోన్‌ని తగ్గిస్తాయి. కానీ పొట్ట తగ్గించుకోమని ఏ ప్రకటనైనా చెబుతుందా? చెబితే జెల్ ఎవడు కొంటాడు?

ఆ హార్మోన్ బయటినుంచి పడితే మెదడు వృషణాలకు సంకేతాలు పంపడం మానేస్తుంది, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్న కుర్రాళ్లకు ఆ ముక్క చెప్పరేం? రక్తం చిక్కబడుతోందా అని పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. 2023లో ఐదు వేల మందికి పైగా మగవాళ్ల మీద ఈ మందును పరీక్షించిన ట్రావర్స్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు, నిజమే. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కాస్త ఎక్కువ కనిపించాయి. ప్రకటనలో మొదటి సగమే ఉంటుంది లెండి. 1889లో బ్రౌన్ సెకార్ అనే పెద్దమనిషి 72 ఏళ్ల వయసులో కుక్కల, గినీ పందుల వృషణాల రసం ఇంజెక్షన్‌గా పొడుచుకుని పడుచుతనం వచ్చేసిందని చాటాడు. అప్పటికీ ఇప్పటికీ మారింది సీసా ఒక్కటే. నిజంగా లోపం ఉన్నవాళ్లు మందు వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నా మంట వేరే. మీకు ఏడాదికి 1 శాతం తగ్గితేనే ఇంత హడావుడి. మాకు ముట్లుడిగే వయసులో కొన్నేళ్లలోనే ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ దాదాపు అడుగంటిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, కీళ్లనొప్పులు. అవి చెప్పుకుందామని వెళితే డాక్టరుగారు తల కూడా ఎత్తకుండా "ఈ వయసులో మామూలేనమ్మా" అన్నారు. 2002లో ఒక్క అధ్యయనం చూపించి, ఆ లోటు తీర్చే హార్మోన్ మందులంటేనే అందరినీ హడలగొట్టారు. అరవై లోపువాళ్లకి, ముట్లుడిగి పదేళ్లు దాటనివాళ్లకి చాలావరకు మేలే ఎక్కువని ఆ తర్వాత తేలితే ఆ కబురు మాత్రం ఎవరూ మోసుకురాలేదు. నాకు ఏ మరిదీ క్విజ్ పంపలేదు. ఏ అత్తగారూ కళ్లు తుడుచుకోలేదు.

నాకు అర్ధరాత్రి ఆవిర్లొచ్చి ఫ్యాన్ వేసుకుంటే "చలేస్తోంది" అని లేచి ఆపేసిన మనిషి, ఇప్పుడు హార్మోన్ల గురించి నాకు పాఠం చెబుతున్నారు. చెప్పండి సార్, వింటాను. ఫ్యాన్ మాత్రం ఆపేది లేదు.