జీవితచరిత్రకారులకు అపాయభత్యం

బొగ్గు గనుల్లోకి దిగేవారికీ, బాణసంచా కూరేవారికీ ప్రమాదకర వృత్తుల జాబితాలో చోటున్నప్పుడు, రచయితల జీవితచరిత్రలు రాసేవారికి మాత్రం అందులో చోటు లేకపోవడం అన్యాయం. వీరంతా గ్రంథాలయాల్లో ఫ్యాను కింద కూర్చుని పాత ఉత్తరాలు తిరగేస్తూ కాలక్షేపం చేస్తారన్న అపోహ లోకంలో బలంగా ఉంది. ఆ అపోహ తొలగడానికి ఇంగ్లీషు జీవితచరిత్రకారుడు నార్మన్ షెర్రీ ఉద్యోగపర్వం ఒక్కటి చాలు.

షెర్రీ గారు తొలుత జోసెఫ్ కాన్రాడ్ మీద పనిచేశారు. ఓడల్లో తిరిగిన ఆ నవలాకారుడు ఏ రేవులో ఎవరిని చూసి ఏ పాత్రను మలిచాడో ఆరా తీసి 1966లో ఒకటి, 1971లో ఒకటి పుస్తకాలు వెలువరించారు. ఆ ఆరా తీసే నేర్పు ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్‌కు నచ్చింది. తన గుట్టు ఎవరికీ చిక్కకుండా బతికిన గ్రీన్, 1970ల మధ్యలో, తన జీవితచరిత్ర రాసే పనిని ఏరికోరి ఈయన చేతిలో పెట్టారు. గ్రీన్ అడుగుపెట్టిన చోటల్లా తానూ అడుగుపెట్టాలని షెర్రీ నిశ్చయించుకున్నారు. నవలాకారిణి జేన్ ఆస్టిన్‌ను ఎంచుకున్నవారికి ఇలాంటి నిశ్చయం వల్ల పెద్దగా ఖర్చు ఉండదు, ఇంగ్లండులోని హాంప్‌షైర్, బాత్ చూసి వస్తే చాలావరకు పని తీరుతుంది. గ్రీన్ అలా కాదు. 1935లో లైబీరియా అడవుల్లో కాలినడకన తిరిగారు, 1938లో మెక్సికో కొండల్లో కంచరగాడిదలెక్కారు, ఆ తరవాత వియత్నాం, కాంగో, హైతీ.

మెక్సికోలో గ్రీన్‌కు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. కొన్ని దశాబ్దాల తరవాత అదే దేశంలో, అదే కొండపల్లెలో, షెర్రీకి కూడా అవే పట్టుకున్నాయి. ఈ పరిశోధన పుణ్యమా అని ఒక దశలో ఒంట్లో కండ కుళ్లే గ్యాంగ్రీన్ కూడా సోకింది. ఆధార సేకరణలో ఇంతటి నిష్ఠ మరే శాస్త్రంలోనూ కనిపించదు. ఉత్తరం చూసి రాసినవారు పాదసూచికలో ఆ ఉత్తరం తేదీ ఇస్తారు, కానీ సొంత పేగులతో రూఢి చేసుకున్న వాస్తవానికి పాదసూచిక ఎలా ఇవ్వాలో ఏ విశ్వవిద్యాలయమూ ఇంతవరకు నిర్దేశించలేదు.

ఇక ఫలితాల మాట. మెక్సికో నుంచి తిరిగివచ్చిన రెండేళ్లకు, 1940లో, గ్రీన్ ‘ది పవర్ అండ్ ది గ్లోరీ’ అనే నవల ప్రచురించారు. పట్టుగా కూర్చుంటే రెండు మూడు రోజుల్లో చదివేయవచ్చు. షెర్రీ మొదటి సంపుటం 1989లోనూ, రెండవది 1994లోనూ, మూడవది 2004లోనూ వచ్చాయి. అంతా కలిపితే రెండు వేల పుటలు దాటింది. గ్రీన్ 1991లోనే కన్నుమూసినందున రెండో సంపుటం నాటికే కథానాయకుడు లేరు, మూడోది ఆయన శతజయంతి ఏడాదికి అందింది. ఒకే ఊళ్లో ఒకే జబ్బుపడిన ఇద్దరిలో ఒకరికి నవలా, మరొకరికి సంపుటాలూ ఎందుకు పుట్టాయన్నది వైద్యులు తేల్చవలసిన విషయం కనుక దాని జోలికి నేను పోను. మొదటి సంపుటానికి 1990లో అమెరికా మిస్టరీ రచయితల సంఘం వారు ఎడ్గార్ పురస్కారం ఇచ్చారని మాత్రం మనవి చేస్తాను. ఆ పురస్కారాల్లో విమర్శకూ, జీవితచరిత్రకూ ఒక విభాగం ఉన్నమాట నిజమే. అయితే ఒక మనిషి ఏ ఊళ్లో ఏ గదిలో ఎవరితో గడిపాడో ఏళ్ల తరబడి కూపీ లాగిన ఈ వ్యవహారంలో నేరస్థుడు ఎవరన్నది సంఘం వారు ప్రకటించలేదు.

షెర్రీ పద్ధతిని మన విశ్వవిద్యాలయాలు కూడా తప్పనిసరి చేయాలని నా విన్నపం. ప్రాచీన కవుల జీవితాలను చాటుపద్యాలతోనూ, అవతారికలతోనూ, ఒకటి రెండు శాసనాలతోనూ నెట్టుకురావడం ఇకనైనా మానాలి. శ్రీనాథుని మీద పిహెచ్‌డి చేయదలచినవారు ముందుగా పల్నాడు వెళ్లి, అక్కడ మన్మథుడైనా జొన్నకూడే కుడుస్తాడని ఆయన వాపోయినందుకు గాను, కనీసం ఒక ఏడాదిపాటు జొన్నకూడే కుడవాలి. (జొన్నలు ఆరోగ్యాహారమై ధర పెరిగినందున ఈ పద్దుకు గ్రాంటు విడిగా మంజూరు చేయాలి.) తరవాత ఆయనలాగే బొడ్డుపల్లెలో భూమి గుత్తకు పట్టి, ఏడువందల టంకాలు బాకీపడి, ఎదురెండలో నిలబడి నల్లగుండు భుజాన మోయాలి. మోసినట్టు గైడు గారు సంతకం చేసి ధ్రువీకరించాలి. గైడు గారు కూడా తమ కాలంలో మోసినవారై ఉండాలన్న నిబంధన పెడితే చాలా ఖాళీలు ఏర్పడతాయని కొందరు మిత్రులు సంతోషిస్తున్నారు.

రోగాలొక ఎత్తు, నిప్పు ఒక ఎత్తు. 1860లో ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన గ్యాడ్స్ హిల్ ఇంటి వెనక, ఏళ్ల తరబడి దాచిన ఉత్తరాలన్నీ కుప్పపోసి తగలబెట్టారు, ఆ బూడిదలో పిల్లలు ఉల్లిపాయలు కాల్చుకున్నారు. పుట్టబోయే జీవితచరిత్రకారుల బతుకుతెరువు ఆ విధంగా ఒక పూట ఉల్లిపాయలకు సరిపోయింది. మరో ఇంగ్లీషు రచయిత థామస్ హార్డీ ఇంకో అడుగు ముందుకు వేశారు. తన చరిత్రను వేరెవరో రాసినట్టు, ‘ఆయన’ అంటూ ప్రథమ పురుషలో తానే రాసుకుని, కాగితాలు చాలావరకు కాల్పించి, తన మరణానంతరం 1928లోనూ 1930లోనూ రెండు భాగాలుగా భార్య ఫ్లోరెన్స్ పేరిట వెలువడే ఏర్పాటు చేసిపోయారు. అంటే ఉన్న ఒక్క ఉద్యోగాన్నీ ఇంట్లోవాళ్లకే ఇచ్చుకున్నారన్నమాట. ఇటువంటి రచయితలను నమ్ముకుని దెబ్బతిన్న పరిశోధకులకు అపాయభత్యంతోపాటు నిరుద్యోగ భృతి కూడా దక్కాలి.

భత్యం కోరే దరఖాస్తు ఫారం నమూనాను కూడా నేనే తయారుచేశాను. రచయిత బస చేసిన ఊళ్లు, ఆయన తిన్న తిండి, ఆయనకు వచ్చిన జబ్బులు, అవి దరఖాస్తుదారుకు వచ్చిన తేదీలు, ఆస్పత్రి బిల్లులు జతపరచడం తప్పనిసరి. రచయిత రాసిన పుస్తకాలు చదివారా అన్న గడిని మాత్రం ఇష్టమైతేనే నింపవచ్చు.