"ట్యాబ్ పంపు అన్నా" అనే తమ్ముళ్లకు

వారానికి ఒక్కడైనా మెసేజ్ పెడతాడు: "అన్నా, ఈ పాటకి బేస్ ట్యాబ్ ఉంటే పంపవా?" ట్యాబ్ అంటే బేస్ గిటార్‌లో ఏ తీగ మీద ఎక్కడ నొక్కాలో రాసిన కాగితం. లేదు తమ్ముడూ. ఉన్నా పంపను. తిట్టుకునే ముందు ఒక కథ విను.

నాలుగేళ్ల కిందట, మా చర్చిలో క్రిస్మస్ ఆరాధన. పాటంతా జీ స్కేల్లో బట్టీ పట్టా. ఈ (E) తీగ మీద మూడో ఫ్రెట్ (మెడ మీది గడి), తర్వాత ఓపెన్ ఈ (ఏమీ నొక్కకుండా), ఏ (A) తీగ మీద మూడు, ఐదు. నిద్రలో లేపినా వాయిస్తా. తీరా మొదలుపెట్టే ముందు పాడే అక్కకి గొంతు పట్టేసింది. "ఎఫ్‌లో ఇవ్వండి బాబూ" అంది. కీబోర్డు వాడు ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కాడు. గిటార్ వాడు కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కే క్లిప్పు) రెండు ఫ్రెట్లు వెనక్కి జరిపాడు. నాకు బటనూ లేదు, కేపో లేదు. మొదటి చరణం అయ్యేదాకా వాల్యూమ్ తగ్గించి, తల ఊపుతూ నటించా. దేవుడు చూశాడు, డ్రమ్స్ వాడు కూడా చూశాడు.

అదే పాటని, స్కేల్లో ఎన్నో స్వరమో ఆ అంకెతో, 1, 6 మైనర్, 4, 5 అని రాసుకుని ఉంటే? జీ అయినా ఎఫ్ అయినా ఆ నాలుగు అంకెలు మారవు. పైగా బేస్ తీగల మధ్య దూరం అంతటా ఒక్కటే. 1 ఎక్కడ పట్టుకున్నావో, పక్క సన్న తీగ మీద అదే ఫ్రెట్‌లో 4, అక్కణ్ణుంచి రెండు ఫ్రెట్లు పైకెళ్తే 5. ఎక్కడికి జరిపినా అదే ఆకారం.

ఇదేం కొత్త విద్య కాదు. 1950ల చివర్లో అమెరికాలోని నాష్‌విల్‌లో, జోర్డనైర్స్ బృందంలో పాడే నీల్ మాథ్యూస్ గాత్రాల కోసం ఈ అంకెల పద్ధతి వాడుకున్నాడు. చార్లీ మెక్‌కాయ్ లాంటి స్టూడియో వాద్యగాళ్లు దాన్ని కార్డ్స్‌కి (ఒకేసారి మోగే స్వరాల గుంపులకి) మలుచుకున్నారు. మనకైతే ఇంకా సులువుగా ఎక్కాలి. స ఎక్కడ పెడితే అక్కణ్ణుంచే కదా రి గ మ! కాకపోతే ఒక చిక్కు. పద్యాలు పాడే పెద్దాయన దగ్గర "ఐదు" అంటే ఆయన ఐదు శ్రుతి అనుకుని జీ పెట్టేస్తారు. నేను ఒకసారి ఇరుక్కున్నా.

ఇక నెట్‌లో దొరికే చార్టుల సంగతి. సాహిత్యం మీద అక్షరాలు చల్లి వదిలేస్తారు. ఏ కార్డ్ ఎన్ని బార్లో (తాళం చుట్లో) ఉండదు. అంతకన్నా ఘోరం, స్లాష్ (బేస్ వాయించాల్సిన స్వరాన్ని చూపే అడ్డగీత) ఎగరగొట్టేస్తారు. జీ, డీ స్లాష్ ఎఫ్ షార్ప్, ఈ మైనర్ అని ఉండాల్సిన చోట ఉత్త డీ రాస్తారు. అయ్యా, ఆ స్లాష్ తర్వాత ఉన్నదే మా కూడు! అంకెల్లో 1, 5/7, 6 మైనర్. అంటే గిటార్ వాడు 5 కొడుతుంటే నేను స నుంచి ని మీదుగా ధకి మెట్టుమెట్టుగా దిగుతా. పాటలో గుండె జారే చోటు అదే. డీ కొడితే మెట్టు లేదు, దూకుడే.

అందుకే చార్ట్ ఎవరో ఇచ్చింది వద్దు, నువ్వే రాయి. బేస్ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో మూడుసార్లు విను. మొదట బార్లు లెక్కపెట్టు, తర్వాత కింది స్వరం కూనిరాగం తియ్యి, అప్పుడు అంకె వెయ్యి. ఒక్కసారి కొట్టి మోగనిచ్చే చోట అంకె చుట్టూ డైమండ్ గియ్యి. కిక్ (డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఎక్కడ పడుతోందో మాత్రం ఏ అంకే చెప్పదు, దానికి చెవే దిక్కు.

మైనర్ పాటలకి ఇల్లు 6 అని నాష్‌విల్‌లో చాలామంది రాస్తారు. నేను 1 మైనర్ అనే రాస్తా. పాట ఎక్కడ కూర్చుంటే అదే నాకు స. దీని మీద మా గిటార్ వాడితో రెండేళ్లుగా గొడవ, తేలదు.

అంకెలు అన్నీ తీర్చవు, అదీ చెప్పాలి. జీలో 6 మైనర్‌కి ఓపెన్ ఈ గుమ్మని మోగుతుంది. ఎఫ్‌లో ఆ 6 డీ అవుతుంది. నాలుగు తీగల బేస్‌లో ఆ కింది డీ లేనే లేదు. పైన ఏ (A) తీగ ఐదో ఫ్రెట్‌లో పట్టాల్సిందే. ఆ బరువు రాదు. ఐదు తీగల బేస్ కొనడానికి ఇంట్లో నేను చెప్తున్న కారణం ఇదే, ఇంకా ఒప్పుకోలేదు.

ఈ ఆదివారం పాట చార్ట్ ఫొటో కింద కామెంట్‌లో పెడుతున్నా. స్కేల్ రాయలేదు. అక్క ఇంకా చెప్పలేదు.