గీత ఎంత పొడవుందని కాదు, ఎక్కడ పడిందో చూడండి

గాలం వేసేవాళ్ల మధ్య ఒక సలహా కొంతకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: రాడ్డు మీదో దారం చుట్టే రీలు మీదో గీత పడిందంటే దాని బలం పోయినట్టే. ఆ గీతను టూత్‌పేస్టుతో గానీ గరుకు కాగితంతో గానీ రుద్ది పోగొట్టాలి. కొత్త గీతలు పడకుండా వాడిన వెంటనే కవరులో పెట్టాలి. రంగు లేచిపోయిన కృత్రిమ ఎరలను చేప ముట్టదు కాబట్టి పారేయాలి. పాత సామాను కొనేటప్పుడు మెరుపు చూసి కొనాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఇది నమ్మి, నిక్షేపంలాంటి రీళ్లను మూలన పడేస్తున్నారు, మంచి రాడ్లను తమ చేతులతోనే చెడగొట్టుకుంటున్నారు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

బలం సంగతి ముందు చూద్దాం. చాలా అల్యూమినియం రీళ్లకు కనిపించేది పైన పూసిన రంగు కాదు, అనోడైజింగ్. లోహపు పైభాగాన్నే విద్యుత్తుతో ఆక్సైడుగా మార్చి, దానిలోని సూక్ష్మ రంధ్రాల్లో రంగు పట్టిస్తారు. ఆ పొర మందం సాధారణంగా 5 నుంచి 25 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలచన. అది గీసుకుపోయినంత మాత్రాన రీలు బలం తగ్గదు. కింద తెల్లగా బయటపడిన అల్యూమినియం కూడా గాలి తగలగానే తనంతట తానే పలచటి ఆక్సైడు పొర కట్టుకుంటుంది. మంచినీటి వేటలో ఇంతకు మించి పట్టించుకోవలసింది లేదు. ఉప్పునీటిలో అయితే బయటపడిన చోట చిన్న చిన్న గుంటలు పడవచ్చు కాబట్టి, మంచినీటితో కడిగి ఆరబెట్టి, ఆ చోట కాస్త మైనం రాస్తే చాలు. కార్బన్ కలిపిన ప్లాస్టిక్ రీలు తుప్పు పట్టదు, దాని గీత గురించి బెంగ అక్కర్లేదు. మెగ్నీషియం రీలు విషయంలో మాత్రం ఆ సలహాదారుల భయం సగం నిజం. ఉప్పునీరు ఆ లోహాన్ని త్వరగా తినేస్తుంది. అక్కడ గీతను శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక, పారదర్శకమైన వార్నిష్‌తో మూసేయాలి.

రాడ్డు దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. కార్బన్ రాడ్డు లోపల బోలుగా ఉండే పలచని గొట్టం. వంగినప్పుడు భారమంతా నిలువునా పరచిన సన్నని పోగుల మీద పడుతుంది. పైన మెరిసేది వార్నిష్. గోటిని గీతకు అడ్డంగా నడపండి. జారిపోతే గీత వార్నిష్‌లోనే ఆగింది, వదిలేయండి. గోరు తట్టుకుని, అంచున పోగులు లేచినట్టు కనిపిస్తే అది గాయం.

దాదాపు గీతే కనిపించని గాయాలూ ఉంటాయి. నా రాడ్డొకటి రెండో గైడుకు (దారం దూరి నడిచే చట్రానికి) జానెడు పైన, అరచేతి పొడవున్న చేపకు విరిగింది. అంతకు ముందొకరోజు విసురుతుండగా సీసపు గుండు ఊగి వచ్చి సరిగ్గా అక్కడే టక్కున తగిలింది. ఆవగింజంత మచ్చ పడింది, తుడిచి ఊరుకున్నాను. అదే రాడ్డు పిడికి పైభాగంలో పడవ అంచు ఏళ్ల తరబడి ఒరిసి చేసిన మూరెడు గీతలు ఉన్నాయి. ఆ ముక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇక టూత్‌పేస్టు. అందులో పళ్లను రుద్దడానికి వేసే సన్నని పొడి ఉంటుంది. అది గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న వార్నిష్‌ను అరగదీసి గీత లోతుకు దించుతుంది. ఒక గీత పోయి, అరచేతి వెడల్పున మసక మిగులుతుంది. గరుకు కాగితం ఇంకా హాని చేస్తుంది. రీలు మీద అనోడైజింగ్‌ను ఊడ్చేస్తుంది, కార్బన్ రాడ్డు మీద బలాన్నిచ్చే పోగులనే కోస్తుంది. పైగా ఆ దుమ్ము చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. కంటికి మరీ బాధగా ఉంటే, శుభ్రం చేసి ఆరిన గీత మీద ఒక చుక్క పారదర్శకమైన గోళ్ల రంగు వేయండి.

గరుకు కాగితానికి పని ఉన్నది ఒకే చోట: రీలులో దారం చుట్టుకునే స్పూలు అంచు. రాయి తగిలి అక్కడ నొక్కు పడితే విసిరిన ప్రతిసారీ దారాన్ని గీరుతుంది. 2000 నంబరు కాగితాన్ని తడిపి, నొక్కు వరకే, గోరు తట్టకుండా జారేదాకా మెల్లగా రుద్దండి.

దారం నడిచే దారి గురించి ఆ సలహాలో ఒక్క ముక్క లేకపోవడమే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. ఒంటి మీది గీతకు ఇంత గోల చేసి, గైడులోని పింగాణీ రింగును మరిచిపోయారు. రింగులో పగులు కంటికి ఆనదు. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను రింగులో పెట్టి, లోపలి అంచు వెంట ఒక చుట్టు తిప్పండి. ఎక్కడో ఒక పోగు చిక్కుకుని, పుల్ల వెనక సాలెగూడు దారంలా సాగుతుంది. పగులు అక్కడే. ఆ గైడును మార్చాల్సిందే. ఆ తర్వాత దారం చివరి రెండు బారలను వేళ్ల మధ్య లాగి చూసి, గరుకు తగిలిన చోటికి కోసేయండి. రాడ్డు మీద పడ్డ వంద గీతల కంటే నైలాన్ దారం మీద పడ్డ ఒక్క గీత చేపను ఎక్కువసార్లు పోగొడుతుంది.

వాడిన వెంటనే కవరులో పెట్టమనడం మేలు చేసే మాటలాగే ఉంటుంది. కానీ తడి రీలును మెత్తటి కవరులో బిగిస్తే ఉప్పూ తేమా దానితోపాటే లోపల ఉండిపోతాయి. స్టీలు మరలు అల్యూమినియాన్ని తాకేచోట తుప్పు మొదలై, తెల్లటి పొడి చేరి, పైపొర పొక్కులు లేస్తుంది. కవరు తప్పించిన గీతల కంటే అది చేసే ఈ నష్టం పెద్దది. డ్రాగ్‌ను (చేప లాగినప్పుడు దారాన్ని వదిలే బిగింపును) బిగించి, సన్నటి ధారతో మంచినీటిలో కడిగి, తుడిచి, డ్రాగ్ వదులు చేసి, నీడలో ఆరాకే కవరు.

ఎరల మీద పళ్లగాట్లు పడ్డాయంటే చేపలు వాటిని కరిచాయనేగా. రంగు సగం పోయినా నీటిలో కదలిక మారనంతవరకు అవి పనికొస్తాయి. కొయ్య ఎరలు వేరు. రంగు లేచిన చోట నీరు పీల్చి ఉబ్బి, బరువు మారి, నడక తప్పుతాయి. ఎండబెట్టి మూసేయండి. బోలు ప్లాస్టిక్ ఎరను చెవి దగ్గర ఊపితే లోపల నీరుంటే వినిపిస్తుంది. కొక్కెం మొనను గోటి మీద పెట్టి లాగండి, జారిపోతే మొద్దుబారినట్టే.

పాత సామాను కొనేవారికి ఒక మాట. మెరుపు చూడకుండా రీలు చేతిలోకి తీసుకోండి. దారం ఆనే చిన్న చక్రాన్ని వేలితో తిప్పి, దాని మీద గాడి పడిందేమో చూడండి. స్పూలు అంచు తడమండి. జేబులో ఒక దూది పుల్ల ఉంచుకుని, అమ్మేవారి ముందే ప్రతి రింగులోనూ తిప్పండి.